ఎడమ వైపు బొమ్మలు

ఈ కార్డుల ఆటలో అటాక్ చేసేవాడు ఎదుటివాడి బొమ్మల్లో దేన్ని కొట్టాలో ఎంచుకోలేడు. ఈ ఒక్క సంగతి నా బుర్రకెక్కడానికి రెండు వారాలు పట్టింది.

"నా పులితో నీ మరుగుజ్జుని కొడతాను" అనేవాణ్ణి.

"కుదరదన్నా. నీ పులి వచ్చేది నా మీదికి, మరుగుజ్జు మీదికి కాదు" అనేవాడు తమ్ముడు. "దానికి అడ్డం ఎవర్ని నిలబెట్టాలో చెప్పేది నేను. ఎవర్నీ నిలబెట్టకపోయినా నా ఇష్టమే."

ఆ చివరి మాట చాటున నేను దాదాపు నెల రోజులు దాక్కున్నాను.

అప్పటికి తమ్ముడికి స్ట్రోక్ వచ్చి రెండు నెలలు దాటింది. వాడికి ముప్పై నాలుగేళ్ళు. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోనే, మాకు రెండు బిల్డింగుల అవతల ఒక్కడే ఉండేవాడు. శుక్రవారం ఆఫీస్ అవగానే కార్డులమ్మే ఒక షాపుకి పోయి, తనకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళతో కూర్చుని ఈ ఆట ఆడేవాడు. కత్తి పట్టిన అస్థిపంజరాలు, రెక్కల గుర్రాలు, నిప్పు కక్కే బల్లులు. ఒక్కో కార్డుకీ ఒక ప్లాస్టిక్ తొడుగు. "పెళ్ళి చేసుకోరా అంటే దయ్యాల బొమ్మలకి చొక్కాలు తొడుగుతున్నాడు వీడు" అని నేను నలుగురిలో అనేవాణ్ణి. నలుగురూ నవ్వేవాళ్ళు. వాడూ నవ్వేవాడు.

ఒక శనివారం పొద్దున మా ఇంటికి కాఫీకి వచ్చాడు. ఎడమ చెయ్యి మొద్దుబారినట్టు ఉందన్నాడు. కప్పు ఎత్తబోతే చేతిలోంచి ఒరిగి కాఫీ బల్ల మీద పడింది. "వారమంతా కీబోర్డు, వారం చివర ఆ బొమ్మలు. చెయ్యి మొద్దుబారక ఏం చేస్తుంది? కాసేపు పడుకో, అదే పోతుంది" అని నేను నా భార్యని తీసుకుని ఇండియన్ స్టోర్‌కి వెళ్ళిపోయాను. దోసకాయలు, కరివేపాకు, బియ్యం బస్తా తీసుకున్నాం. బిల్లింగ్ దగ్గర తెలిసినాయన కలిస్తే గ్రీన్ కార్డు గురించి ముప్పావుగంట నిలబడి మాట్లాడాను. తిరిగి వచ్చేసరికి వాడు సోఫాకీ టీపాయ్‌కీ మధ్య నేల మీద ఉన్నాడు. మూతి ఒక పక్కకి పోయింది. నన్ను చూసి ఏదో చెప్పబోయాడు, అది మాట కాలేదు.

ఎమర్జెన్సీలో డాక్టరు మొదట అడిగింది ఇది ఎప్పుడు మొదలైందని. చెప్పాను. ఆవిడ గోడ గడియారం చూసి మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పాను. ఆవిడ వేగంగా లోపలికి వెళ్ళిపోయారు. ఆ పొద్దున నేనేం అన్నానో తమ్ముడికి గుర్తుందా లేదా అన్న భయం ఆ క్షణం నుంచి నాతోనే ఉంది. వాడితో ఒక గదిలో కూర్చుంటే, వాడు నోరు తెరిచిన ప్రతిసారీ, ఇప్పుడు అడుగుతాడేమో అనిపించేది.

హాస్పిటల్లో పది రోజులు, రీహాబ్‌లో ఆరు వారాలు. ఆ తర్వాత మా ఇంటికే తెచ్చుకున్నాం. మాట పూర్తిగా తిరిగొచ్చింది. కాలు చాలా వరకు, చెయ్యి సగం. అన్నిటికన్నా వింతగా పోయింది ఎడమ వైపు. కళ్ళు బాగానే ఉన్నాయి, కానీ ఎడమ పక్క అనేది ఒకటుందని వాడి మెదడు మరిచిపోయింది. గడ్డం కుడి చెంప మీదే గీసుకునేవాడు. గుమ్మాలకి ఎడమ భుజం కొట్టుకునేవాడు. కంచంలో కుడి సగం తినేసి "వదినా, పప్పు వెయ్యలేదేం?" అనేవాడు. నా భార్య కంచాన్ని అటుది ఇటు తిప్పి, "ఇప్పుడే వేశాను, వేడిగా ఉంది, చూసి తిను" అనేది. మూడో నెలకి ఇవన్నీ తగ్గిపోయాయి. థెరపిస్ట్ ఇచ్చే కాగితాల మీద చిన్న చిన్న నక్షత్రాలుంటాయి, కనిపించినవన్నీ కొట్టేయాలి. ఎడమ అంచున ఉన్నవి కూడా ఒక్కటీ వదలకుండా కొట్టేసేవాడు.

థెరపిస్ట్ అరవైకి దగ్గరపడ్డ టెక్సాస్ ఆవిడ. ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, స్ట్రోక్‌కి ముందు ఇతను ఇష్టంగా చేసే పని ఏమిటని అడిగారు. సిగ్గుపడుతూ కార్డుల సంగతి చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. లెక్క ఉంటుంది, ముందుచూపు ఉంటుంది, వేళ్ళకి పని ఉంటుంది, ఇంతకన్నా ఏం కావాలి అన్నారు. షాపుకి వెళ్ళే ఓపిక ఇంకా లేదు కాబట్టి మీరే నేర్చుకుని ఆడండి అన్నారు.

నాకు వచ్చింది రమ్మీ ఒక్కటే. ఖమ్మంలో ఏ పెళ్ళైనా విడిది ఇంట్లో దుప్పటి పరుచుకుని కూర్చునే మా మేనమామ నేర్పిన పదమూడు ముక్కల రమ్మీ. అందులో షో చేసేదాకా నీ చేతిలో ఏముందో పక్కవాడికి తెలియకూడదు. ఇక్కడా అదే చేశాను. మంచి కార్డు వస్తే గుండెకి ఆనించి పట్టుకున్నాను. నా ముందు బల్ల ఖాళీ, చేతిలో ఏడు కార్డులు. తమ్ముడి గుర్రాలు ఐదు వంతులు వరసగా వచ్చి నన్ను తొక్కేశాయి.

"ఏం చేస్తున్నావన్నా?" అన్నాడు.

"సెట్ అవనీ, చూపిస్తా."

"ఏం సెట్? ఇంట్లోకి వచ్చి తొక్కుతుంటే చేతిలో పట్టుకుని కూర్చుంటావా? కింద పెట్టు. కింద పెట్టినయే నీయి. చేతిలో ఉన్నయి లెక్కలోకి రావు."

అలా ఒక్కొక్కటే చెప్పాడు. కార్డు కింద కుడి మూల రెండు అంకెలుంటాయి. మొదటిది ఆ బొమ్మ కొట్టే దెబ్బ, రెండోది ఓర్చుకోగల దెబ్బ. వాటిని వాడు క్రీచర్లు అంటాడు, నాకు మాత్రం బొమ్మలనే అలవాటైంది. నా వంతు వచ్చినప్పుడు ఏ బొమ్మల్ని పంపాలో నేను ఎంచుకుని అడ్డంగా తిప్పాలి. అలా తిప్పింది నా తర్వాతి వంతు దాకా అలసిపోయి ఉంటుంది, ఈలోగా వాడు దాడి చేస్తే నాకు అడ్డు నిలవలేదు. నేను పంపడం పూర్తయ్యాక వాడి పని మొదలవుతుంది. తన వైపు నిలువుగా ఉన్న బొమ్మల్లో దేన్ని దేనికి అడ్డు పెట్టాలో చూసుకుంటాడు. ఎదురెదురు పడ్డవి రెండూ ఒకేసారి కొట్టుకుంటాయి. అడ్డు లేకుండా వచ్చినది నేరుగా మనిషికే తగులుతుంది. ఇద్దరికీ మొదట ఇరవై ఇరవై లైఫ్. సున్నాకి వస్తే ఆట అయిపోయినట్టే.

మొదట్లో నాకు పంపడమంటేనే భయంగా ఉండేది. పంపితే ఇంట్లో కాపలా ఉండదు కదా. ప్రతి బొమ్మ మీదా చెయ్యి పెట్టడం, తీయడం.

"జావాలో పదిహేనేళ్ళ అనుభవం అని రెజ్యూమేలో రాసుకుంటవు" అనేవాడు. "మూడు పెద్దదా రెండు పెద్దదా తేల్చడానికి ఇంతసేపా?"

నా భార్యది గుంటూరు. వంటింట్లోంచి అందుకునేది. "ఆయన అంతే మరిదీ. పెళ్ళిచూపుల్లో కూడా ఇలాగే పావుగంట ఆలోచించారు, నేనే లేచి లోపలికి వెళ్ళిపోయాను."

వాడి ఎడమ చెయ్యి కార్డుల్ని విసనకర్రలా పట్టలేకపోయేది. ఆమె ఒక వెడల్పాటి స్టీలు డబ్బాలో బియ్యం పోసి, అందులో కార్డులు గుచ్చి నిలబెట్టుకోమంది. తొడుగులు గీసుకుపోతాయని వాడు కాసేపు గొణిగాడు. తర్వాత అదే అలవాటైంది. ప్రతి సాయంత్రం నేను ఆఫీస్ నుంచి రాగానే డైనింగ్ టేబుల్ మీద ఆ డబ్బా సిద్ధంగా ఉండేది.

అవి సంతోషంగా గడిచిన సాయంత్రాలని చెప్పాలని ఉంది. వాడికి అలాగే ఉండేవేమో. నాకు మాత్రం భయంతోనే గడిచేవి. వాడు ఒక కార్డు మీద చూపు నిలిపి ఆగితే, ఆలోచిస్తున్నాడా, లోపల మళ్ళీ ఏదైనా తెగిందా అని వాడి మూతి వైపు చూసేవాణ్ణి. "నా మొహం మీద కార్డులున్నయా?" అని ఒకసారి అడిగాడు కూడా.

ఐదో వారంలో నేను గెలవడం మొదలుపెట్టాను.

మొదటి గెలుపుకి నా భార్య పాయసం చేసింది. మూడో గెలుపుకి నా వైపు అదోలా చూసి, "మీరు గెలుస్తున్నారంటే నాకెందుకో నమ్మకం కుదరట్లేదు" అంది. ఆమె పరాచికానికే అంది. నేను మాత్రం ఆ మాట పట్టుకున్నాను. పదకొండేళ్ళుగా ఈ ఆట ఆడుతున్నవాడి మీద, ఐదు వారాల కిందట నేర్చుకున్న నేను గెలుస్తున్నాను. ఎలా?

ఆ రాత్రి మంచం మీద పడుకుని ఆటలన్నీ గుర్తు తెచ్చుకున్నాను. నేను నాలుగు బొమ్మల్ని పంపితే వాడు రెండింటికి చక్కగా, పాత ఆటగాడిలా అడ్డు పెట్టేవాడు. మిగిలిన రెండింటినీ వదిలేసేవాడు. అడ్డు పెట్టగల బొమ్మ వాడి దగ్గర ఖాళీగా ఉన్నా సరే. "పోనీ, లైఫ్ ఉంది కదా" అనేవాడు. దెబ్బ కావాలని తీసుకోవడం కూడా ఆటలో ఒక ఎత్తేనని వాడే నాకు నేర్పాడు కాబట్టి, నాకు అర్థం కాని ఎత్తు ఏదో వేస్తున్నాడనుకున్నాను. కానీ వదిలేసినవి ఎప్పుడూ నా కుడి చేతి వైపు ఉన్నవే. మేం ఎదురెదురుగా కూర్చుంటాం. నా కుడి వైపు వాడికి ఎడమ.

మర్నాడు సాయంత్రం పరీక్షించాను. ఇలా చేసినందుకే నాకు అన్నిటికన్నా ఎక్కువ సిగ్గు. వాడు నమ్మకంగా ఆడుతుంటే నేను వాడి మీద ప్రయోగం చేశాను. నా దగ్గర ఒక మంచు ఏనుగు ఉంది, ఐదు దెబ్బ, ఐదు ఓర్పు. దాన్ని కుడి కొసన పెట్టి ఒక్కదాన్నే పంపాను. వాడు వెంటనే చూసి, తన రాతి మనిషిని అడ్డం పెట్టాడు. సరే, కనిపిస్తోంది అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. రెండు వంతుల తర్వాత అదే ఏనుగుని అక్కణ్ణించే పంపుతూ, ఈసారి నా ఎడమ కొసన ఉన్న ఒక బక్క తోడేల్ని కూడా కలిపి పంపాను. తమ్ముడు తోడేల్ని చూశాడు. దానికి రాతి మనిషిని అడ్డం పెట్టాడు. కుక్కపిల్లని ఆపడానికి ప్రహరీ కట్టినట్టు. వాడి ఎడమ వైపు ఇంకో రెండు బొమ్మలు ఊరికే నిలబడి ఉన్నాయి.

"అంతేనా?" అన్నాను.

"అంతే. ఏం?"

"ఏనుగు?"

వాడి తల ఎడమకి తిరిగింది. ఏనుగు మీద చూపు పడి ఒక్క క్షణం ఆగింది. "తెలుసు. కావాలనే వదిలిన. ఐదే కదా" అన్నాడు. అప్పటికి వాడికి మిగిలిన లైఫ్ ఐదే.

వాడు లెక్క చూసుకుని నవ్వాడు. "బిగినర్స్ లక్" అన్నాడు. నేనూ నవ్వాను. కార్డులు పోగుచేశాను.

అంటే, ఒక్క వైపు నుంచి ఏదైనా వస్తే వాడికి తెలుస్తుంది. రెండు వైపుల నుంచీ ఒకేసారి వస్తే ఎడమది మాయమవుతుంది. వాడికి కనిపించలేదని వాడికే తెలియదు.

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. రమ్మీ బల్ల దగ్గర ఒక మర్యాద ఉంది. పక్కవాడు తనకి పనికొచ్చే ముక్కని చూడక కింద పడేసినా, షో ఉండి కూడా గమనించకపోయినా, మనం నోరెత్తకూడదు. ఎవరి ముక్కలు వాళ్ళే చూసుకోవాలి. నోరు జారినవాణ్ణి మా మేనమామ మరో ఆటకి కూర్చోనిచ్చేవాడు కాదు. నేను ఆ మర్యాద పాటిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆట సంగతి ఆటలోనే ఉండాలి, థెరపీలో డాక్టర్లు చూసుకుంటారు, నక్షత్రాలన్నీ కొడుతున్నాడు కదా అనుకున్నాను. ఒక్కటి మాత్రం చేశాను. ఆ రోజు నుంచి నా బలమైన బొమ్మల్ని ఎడమ వైపుకి, అంటే వాడి కుడి వైపుకి మార్చేశాను. వాడు మళ్ళీ గెలవసాగాడు. నా భార్య ఇంక అదోలా చూడలేదు.

ఇంతలో వాడి ఆఫీస్ నుంచి ఈమెయిల్ వచ్చింది. వచ్చే నెల నుంచి వారంలో నాలుగు రోజులు లాస్ కొలీనాస్ ఆఫీస్‌కి రావాలి. వాడిది హెచ్‌వన్ వీసా. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఎన్ని రోజులుండొచ్చో మా అందరికీ నోటికి వచ్చు. ఆఫీస్‌కి వెళ్ళాలంటే హైవే ఎక్కాలి. ఎక్కాలంటే డాక్టరు ఒప్పుకుని డ్రైవింగ్ పరీక్షకి పంపాలి. దానికో ఫారం. అందులో ఒక పేజీ ఇంట్లోవాళ్ళు నింపాలి. ఇతను ఒక వైపు ఉన్న వస్తువుల్ని గానీ మనుషుల్ని గానీ గమనించకపోవడం మీరు చూశారా? అవును, కాదు.

తమ్ముడు ఆ పేజీని బల్ల మీద నా ముందు పెట్టాడు. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

"ఇందులో ఆలోచించేది ఏముందన్నా?"

"ఇంకో నెల ఆగితే నేనే దింపుతాను కదరా ఆఫీస్‌కి."

"నువ్వెన్నాళ్ళు దింపుతవు? పొద్దున నన్ను దింపి, నీ ఆఫీస్‌కి పోయి, మళ్ళీ థెరపీకి వచ్చి. వదిన ముందు నువ్వు ఎట్ల విసుక్కుంటవో నాకు వినపడదనుకుంటున్నవా?"

అది నిజమే. ఫారం మీద 'కాదు' అని రాస్తే నాకూ ఆ తిరుగుడు తప్పుతుందన్న ఆలోచన అప్పటికే నాలో ఉంది. దాన్ని ఇక్కడ దాచను.

వాడు గొంతు పెంచకుండా అన్నాడు. "ఆ రోజు నువ్వు పడుకోమన్నవు. పడుకున్న. నేనేమన్న అన్ననా నిన్ను? ఇప్పుడు నేనొకటి అడుగుతున్న. ఒక్క టిక్కు."

వాడికి గుర్తుంది. నాలుగు నెలలుగా నేను భయపడిన మాట వచ్చి బల్ల మీద కూర్చుంది. వాడు దాన్ని కోపంగా కూడా అనలేదు. నేను 'కాదు' దగ్గర టిక్కు పెట్టి సంతకం చేశాను. చేసేటప్పుడు, ఆ పొద్దుటి తప్పుకి ఇది పరిహారం అనుకున్నాను. తమ్ముడు నా భుజం తట్టాడు.

డాక్టరు అపాయింట్‌మెంట్ సోమవారం. ఆదివారం పొద్దున కొంచెం బండి నడిపి చూసుకుంటానన్నాడు. మూతపడిన ఒక పెద్ద స్టోర్ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళాను. దాని చివర ఒక డాలర్ షాపు మాత్రం నడుస్తోంది. వాడు స్టీరింగ్ దగ్గర, నేను పక్క సీట్లో. కుడి కాలు, కుడి చెయ్యి బాగున్నాయి కాబట్టి బండి మెత్తగా కదిలింది. గీతల మధ్య పార్క్ చేశాడు, రివర్స్ చేశాడు, రౌండ్ కొట్టాడు. పాట కూడా అందుకున్నాడు. నాలుగు నెలల్లో వాడు పాడగా వినడం అదే మొదలు.

మూడో రౌండులో డాలర్ షాపు ముందుకి వచ్చాం. కుడి పక్క ఒక తెల్ల వ్యాన్ రివర్స్ చేస్తూ బయటికి వస్తోంది. అదే సమయంలో ఎడమ పక్క నుంచి ఒక పెద్దావిడ షాపు సామాన్ల కార్టు తోసుకుంటూ దారికి అడ్డంగా దిగింది. తమ్ముడు వ్యాన్‌ని చూశాడు. దానికి చోటివ్వాలని, చాలా మర్యాదగా, స్టీరింగ్‌ని ఎడమకి తిప్పాడు. ఆవిడ వైపుకి. బ్రేక్ వేయలేదు. పాట ఆపలేదు.

నేను స్టీరింగ్ పట్టుకుని లాగాను. ఏమని అరిచానో గుర్తులేదు. వాడు ఉలిక్కిపడి బ్రేక్ తొక్కాడు. కార్టు మా బంపర్‌కి జానెడు దూరంలో ఆగింది. అందులో పాల క్యాన్ ఒకటి, కాగితపు ప్లేట్ల కట్ట ఒకటి ఉన్నాయి. ఆవిడ మమ్మల్ని తిట్టలేదు. ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, రెండో చేత్తో కార్టుని వెనక్కి లాక్కుని, మేం వెళ్ళేదాకా అక్కడే నిలబడింది.

"ఎండ కళ్ళలో కొట్టింది" అన్నాడు తమ్ముడు కొంచెంసేపటికి. ఎండ మా వీపు వెనక ఉంది.

"అవును, ఎండ" అన్నాను.

అదీ నేను. జానెడు దూరంలో ఒక మనిషి నిలబడి ఉండగా చూసి కూడా, "అవును, ఎండ" అన్నాను. సీట్లు మారాం. ఇంటికి నేనే నడిపాను. మధ్యాహ్నం అన్నం దగ్గర నా భార్య ఏమైందని రెండుసార్లు అడిగింది. రెండోసారి చెప్పాను. ఏనుగు దగ్గర్నుంచి కార్టు దాకా అంతా. ఆమె తింటున్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఆ ఫారం మీద మీరు సంతకం పెట్టారా?" అంది.

"పెట్టాను."

"రేపు అతని ముందే చెప్పండి. నా చేత చెప్పించకండి" అని, తినకుండా లేచి చెయ్యి కడుక్కుంది.

సోమవారం క్లినిక్ గదిలో మేం ముగ్గురమే. డాక్టరు వచ్చేలోపల థెరపిస్ట్ ఫారం తిరగేస్తున్నారు. తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నేను గొంతు సవరించుకున్నాను. రెండుసార్లు సవరించుకుని ఆగాను. ఆవిడ తలెత్తారు.

"ఆ పేజీలో నేను రాసింది నిజం కాదు" అన్నాను.

తమ్ముడు నా వైపు తిరగలేదు. ఆవిడ ఏమీ అడగకుండా ఫారం పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని వాడికి ఎదురుగా కూర్చున్నారు. నా ముక్కు మీదే చూపు పెట్టు అన్నారు. రెండు చేతులూ చాపి, ఏ వైపు వేళ్ళు కదిలితే ఆ వైపు చెప్పమన్నారు. వాడి ఎడమ వైపు వేళ్ళు కదిలాయి. "లెఫ్ట్." కుడి వైపువి కదిలాయి. "రైట్." రెండు వైపులవీ కదిలాయి. "రైట్" అన్నాడు. మళ్ళీ రెండూ. "రైట్." మళ్ళీ రెండూ. "రైట్" అన్నాడు, అన్నీ సరిగ్గా చెప్తున్నవాడి గొంతుతో.

ఆవిడ చేతులు దింపలేదు. ఇప్పుడు తల ఎడమకి తిప్పి చూడు అన్నారు. వాడు తిప్పాడు. ఆవిడ వేళ్ళు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

తమ్ముడి మొహంలో ఆ క్షణం కనిపించినదాన్ని నేను మరిచిపోలేను. వాడు ఆ వేళ్ళ దగ్గర ఆగలేదు. తల ఇంకా ఎడమకి తిప్పాడు. ఆ వైపు గోడ, వాష్ బేసిన్, చెత్తబుట్ట, తలుపు, ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాడు. ఇంకా ఏమేం ఉన్నాయో, ఇన్నాళ్ళూ ఏమేం ఉండిపోయాయో వెతుకుతున్నట్టు.

కాగితం మీద ఇది దొరకదని, రెండు పక్కలా ఒకేసారి పనిపడితేనే బయటపడుతుందని ఆవిడ నెమ్మదిగా చెప్పారు. ఇది తగ్గే అవకాశం ఉందన్నారు. డ్రైవింగ్ పరీక్షకి మాత్రం ఇప్పుడు పంపలేమన్నారు. ఇలాంటివి ముందు ఇంట్లోవాళ్ళకే తెలుస్తాయి అని ఆగి, నా వైపు చూడకుండా కాగితాలు సర్దుకున్నారు.

"నీకెప్పటినుంచి తెలుసు?" అన్నాడు తమ్ముడు, తెలుగులో.

"నెల రోజులైంది."

"ఎట్ల తెలిసింది?"

"ఆటలో." ఏనుగు సంగతి చెప్పాను. పరీక్షించిన సంగతి చెప్పాను. తర్వాత బొమ్మల్ని వాడి కుడి వైపుకి మార్చిన సంగతీ చెప్పాను.

వాడు చొక్కా మడత సరిచేసుకున్నాడు. "అయితే ముందు నువ్వు గెలిచింది అందుకే. తర్వాత నేను గెలిచింది నువ్వు పక్క మార్చినవు కాబట్టి."

"అవును."

"నేను బాగా నేర్పిన అనుకున్న" అన్నాడు.

ఉద్యోగం సంగతి ఏమవుతుందో ఆ రోజు మాకు తెలియదు. మేనేజరుకి ఏం రాయాలో, ఇంటి నుంచి పని చేస్తానంటే ఒప్పుకుంటారో లేదో, ఒప్పుకోకపోతే ఎన్ని రోజులో. అవన్నీ కారు దాకా మాతో నడిచి వచ్చాయి. వాడు పక్క సీట్లో కూర్చుని, కుడి చేత్తో బెల్టు లాగి పెట్టుకున్నాడు. నేను హైవే ఎక్కాను. మధ్యాహ్నం కావడంతో రెండు పక్కలా ట్రక్కులు.

ఈ దేశంలో బండి నడిపేవాడు ఎడమ వైపు కూర్చుంటాడు. ఇంటికి తెచ్చుకున్నప్పటి నుంచీ వాణ్ణి తిప్పుతున్నాను, నేను ఎప్పుడూ వాడికి ఎడమ పక్కనే ఉన్నానన్న ఆలోచన నాకు అప్పటిదాకా రాలేదు. ఆ రోజు వాడు బెల్టు పెట్టుకోగానే తల పూర్తిగా నా వైపు తిప్పాడు. ఇల్లు చేరేదాకా అలాగే తిప్పి ఉంచాడు. నన్ను చూస్తున్నాడో, నా అవతల నుంచి దూసుకుపోతున్న బండ్లని చూస్తున్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.